పెద్దనాయన తలంటు, నా ఎగ్జాస్ట్ ఫ్యాను

ఆ రోజుల్లో తమిళనాడు రాజపాళయంలోని మా ఇంట్లో ఏ పని మొదలుపెట్టాలన్నా ఇద్దరి అనుమతి కావాలి. ఒకటి గోడకు వేలాడే దినసరి క్యాలెండరుది, రెండోది మా పెద్దనాయనది. క్యాలెండరు నయం, రోజుకొక మాటైనా మార్చేది. పెద్దనాయన పక్కనున్న సేత్తూరులో ఉండి మా ఇంటిని ఏలేవారు. మేం ఏ మంచం కొనాలో, ఏ ఆవును అమ్మాలో ఆయనే తేల్చేవారు. (నేను ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరిన సమయానికి ఆయన జ్వరంతో పడుకుని ఉన్నారు. లేకపోతే అదీ జరిగేది కాదు.) ప్రతి శనివారం బస్సు దిగి, మా ఇంట్లో తలంటుకుని, భోంచేసి, తీర్పులు చెప్పి వెళ్ళేవారు. వాళ్ళింట్లో నీళ్ళు లేక కాదు. మా రాగి అండాలో కట్టెల మీద కాగిన నీళ్ళ సుఖం ఇంకెక్కడా లేదట.

నా చదువు ముగియగానే సత్రపట్టి దారిలోని ఒక నూలు మిల్లు వాళ్ళు కరెంటు మరమ్మతుల ఉద్యోగం ఇస్తామన్నారు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. నాయన మాత్రం "అన్న ఏం చెప్తాడో" అని మీసం దువ్వుకుంటూ కూర్చున్నారు. అన్న చెప్పనే చెప్పారు. "ఆడపిల్లకు కరెంటు పని ఏంటికిరా? సరే, ఆశపడతా ఉండాది. మీ బాత్‌రూములో ఆవిరికి సున్నమంతా రాలి నా తలపైనే పడతా ఉండాది. దానికి ఒక ఫ్యాను తగిలించమను. వచ్చే శనివారం ఆవిరి పోతే మిల్లుకు పోనీ. పోకపోతే గమ్మున టైలరింగు క్లాసుకు పోనీ." ఫిర్యాదు ఆయనదే, తీర్పూ ఆయనదే. నా బతుకు ఆయన బట్టతలకు పట్టిన ఆవిరి మీద ఆధారపడింది.

శుక్రవారం రాహుకాలం దాటాక పని మొదలుపెట్టాను. వెంటిలేటరు అద్దాలు తీసి ఫ్యాను బిగించాను. గోడ వెంట పైపు వేసి వైరు లాగాను, ఎర్త్ కూడా మరవలేదు. స్విచ్చు బయట, తడి చేతులకు అందని చోట పెట్టాను. పని జరిగినంతసేపూ ఫ్యూజు పీకి చున్నీ కొంగున ముడేసుకున్నాను. ఎందుకంటే అమ్మకు సీరియల్ వేళయితే కూతురు వైరు పట్టుకుని ఉందన్న సంగతి గుర్తుండదు. "ఏమ్మే, ఆ పిల్ల ఏడ్చే సీను వచ్చేలోపల కరెంటు ఇస్తావా?" అని పదేపదే వచ్చి అడిగేది. చివరికి ఫ్యూజు పెట్టి, ఫ్యాను వేసి, గాలి బయటికే పోతోందా అని చూడడానికి చేతికందిన కాగితం దాని దగ్గర పట్టాను. టప్పున జాలీకి అతుక్కుంది. నాయన లబోదిబోమన్నారు. "రేపటి క్యాలెండరు కాయితం చింపేసినావా? రేపటి మంచి వేళ ఎట్ల చూసేది?"

"రేపు ఆడనే అతుక్కోని ఉండాది, చూసుకోండి నాయనా" అన్నాను. అంత పొగరు నాకప్పుడు.

శనివారం పెద్దనాయన ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించుకుని, ఫ్యాను వంక అనుమానంగా చూశారు. "నూనె తలకు గాలి తగిలితే జన్ని జ్వరం వస్తాది, తెలుసునా?" అన్నారు. అది గాలి విసరదు, లాగుతుంది అని నేను చెప్పబోతే, అమ్మ పొయ్యి వైపు తిరిగి (బావగారితో ఆమె ఎన్నడూ నేరుగా మాట్లాడలేదు) "అది చల్లగాలి కాదంట" అని పొయ్యికి చెప్పింది. ఆయన లోపలికెళ్ళి గడియ పెట్టారు. నేను స్విచ్చు వేసి పెరట్లోకి పరుగెత్తాను. ఫ్యాను గుయ్యిమంటోంది, కానీ గాలి తోపుకు తెరుచుకోవాల్సిన బయటి మూత రెక్కలు కదలడం లేదు. ఆవిరి పోగు కూడా రావడం లేదు. లోపల్నుంచి "ఏం ఫ్యాను ఇది, వట్టి సద్దే! నా చెయ్యే నాకు కనబడలా!" అని వినిపించింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మిల్లు పోయింది, ఇక జాకెట్లు కుట్టడమే అనుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి చూస్తే, కింది సందులోంచి తడి తువాలు కొస కనబడింది. మహానుభావుడు గాలి రాకుండా సందంతా కుక్కేశారు! లోపలికి గాలి రానిదే ఫ్యాను దేన్ని బయటికి తోస్తుంది?

కూర్చుని ఆ కొస పట్టి లాగాను. లోపల్నుంచి కూడా లాగారు.

"ఏయ్! గాలి వస్తాది! ఎవరది?"

"నేనే పెద్దనాయనా! తువాలు వదలండి!"

"నువ్వు వదలవే! నాది!"

నేను రెండు కాళ్ళూ తలుపుకు తన్నిపెట్టి ఊగిపోతుంటే నాయన చూశారు. బిడ్డకు షాకు కొట్టిందనుకున్నారు. "కరెంటు! కరెంటు!" అని అరుస్తూ చీపురుకట్టతో నా చేతిమీద ఒక్కటిచ్చారు. ఆ మాట వినగానే లోపల పెద్దనాయన తువాలు వదిలేశారు. నేను తువాలుతో సహా వెల్లకిలా పడ్డాను. పెరటి వైపు రెక్కలు టపటపా లేచాయి, ఆవిరి బుసబుసా బయటికి దూకింది.

"అన్నా, ఉండావా?" అన్నారు నాయన తలుపుకు చెవి ఆనించి.

"ఉండా" అంది లోపలి గొంతు. ఆ వెంటనే, "సీకాయ పొడి ఆడుండాది. ఇప్పుడు కనబడతా ఉండాదిరా" అంది.

అన్నం తింటూ ఆయన తీర్పు చెప్పారు. "పిల్ల మిల్లుకు పోనీ. ఆడ ఎవరూ తలంటుకోరు కదా." అమ్మ పొయ్యికేసి చూసి నవ్వింది. నాకు ఆ పూట అన్నం సహించలేదు, అంత సంతోషం.

ఇప్పుడు ఆ మిల్లులో కరెంటు పనంతా నా అజమాయిషీలోనే నడుస్తోంది. పెద్దనాయన లేరు. మొన్న శుక్రవారం మా ఇంట్లో నేను తలంటుకుంటుంటే, "అమ్మా, ఫ్యాను తిరగతా ఉండాది, ఆవిరి పోలేదే?" అని బయట మా అమ్మాయి. చూస్తుండగానే తలుపు కింద నేను కుక్కిన తువాలు మెల్లగా జారిపోసాగింది. నేను నూనె చేతులతో దాని కొస పట్టుకుని, "వదలవే! జన్ని వస్తాది!" అని అరిచాను.