జేడ్ కొండకు చింతపండు

నా చిన్నప్పుడు మేం రియాద్‌లో ఒక వ్యాపారి ఇంటి ఆవరణలోనే, వెనకవైపు గదిలో ఉండేవాళ్లం. మా నాయన ఆయన కారు నడిపేవాడు, మా అమ్మ ఆ ఇల్లు శుభ్రం చేసేది. అక్కడ ఉండనిచ్చే కాగితాలు, మా ఇకామాలకు, ఆయనే కఫీల్, అంటే పూచీదారు. ఆయనకు కోపమొస్తే మళ్లీ కడప దారి పట్టడమేనని అమ్మ నాకు రోజూ చెప్పేది.

అతిథులు కూర్చునే మజ్లిస్‌లో ఒక చైనా కొండ ఉండేది. గుమ్మడికాయంత జేడ్ రాయిని ఎప్పటి కాలంలోనో కొండలా చెక్కారు. లేతాకుపచ్చ రాతిలో దేవదారు చెట్లు, సన్నని బాట, కర్రలు పట్టుకుని పైకెక్కుతున్న ఇద్దరు ముసలివాళ్లు. నాకు అదంటే పిచ్చి. శిఖరం దగ్గరున్న గోధుమరంగు మరక ఒక్కటే నచ్చేది కాదు. అమ్మ సరిగా తుడవలేదని ఎవరైనా అంటారేమోనని దిగులు.

రంజాన్ పండుగ ముందు రోజు, అమ్మ వంటింట్లో ఉండగా, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండూ ఉప్పూ పెట్టి ఆ మరకను తోమేశాను. తొమ్మిదేళ్ల బుర్రకు అంతకంటే ఏం తోస్తుంది? మరక పోలేదు సరికదా, చుట్టూ ఉన్న మెరుపు పోయి రాయి బూడిద పూసినట్టయింది.

అమ్మ చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది. "కొంప ముంచినావు కదే. ఇంగ మనల్ని పంపించేస్తారు" అంటూ ఆ వైపును గోడకు తిప్పి పెట్టింది.

సాయంత్రం యజమాని వచ్చి కూర్చున్నాడు. ఊదు పొగ వేసే గదిలో చారు వాసన వస్తే ఎవరికి తెలియదు? లేచి కొండను తిప్పి చూశాడు. అమ్మానాయనలను పిలిచాడు. వాళ్ల వెనకే నేనూ వెళ్లాను. అమ్మ తప్పు తన మీద వేసుకోబోయింది. ఆమె చేతులు వణుకుతుంటే చూడలేకపోయాను. "నేనే తోమినా" అన్నాను ఏడుస్తూ. నాయన తలొంచుకుని అదే మాట అరబ్బీలో చెప్పాడు.

ఆయన నా వేలు పట్టుకుని ఆ మరక మీద పెట్టాడు. ఆయన చెప్పింది నాయన నాకు తెలుగులో చెప్పాడు. అది మురికి కాదట, రాయి పైతోలట. చెక్కినవాడు దాన్ని తీసెయ్యకుండా ఆకు పండిన చెట్లుగా మలిచాడట. ఆ ముసలివాళ్లు కొండెక్కుతున్నదే వాటిని చూడటానికట. పోయింది పైన పూసిన మైనమేనట. నా చేతిలో మెత్తని గుడ్డ, పిసరంత మైనం పెట్టి, ప్రతి శుక్రవారం వచ్చి రుద్దమన్నాడు. మమ్మల్ని పంపించే మాటే ఎత్తలేదు.

ఏడాది పాటు రుద్దాను. తర్వాతి పండుగకు అమ్మే ఆ కొండను, మరక అందరికీ కనబడేలా తిప్పి పెట్టింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఏదైనా పగలగొట్టి సోఫా వెనక దాచేస్తే నాకు ఇట్టే తెలిసిపోతుంది. ముందు చేతికి జిగురు డబ్బా ఇచ్చి పక్కన కూర్చుంటాను. తిట్టనని కాదు, అతికించడం అయ్యాక తిడదామనుకుంటాను. అప్పటికి మరిచిపోతాను. అమ్మ చేతులు వణికిన ఆ సాయంత్రాన్ని మాత్రం మరిచిపోలేదు. నా ఎదుట ఏ బిడ్డ చేతులూ అలా వణకకూడదు.