ఒకే తీగ పువ్వులకు పెళ్ళి

2022 వానాకాలం. మాస్కులు మూతుల మీంచి జేబుల్లోకి దిగిన ఏడాది. దక్షిణ కలకత్తాలోని ఒక విత్తన బ్యాంకులో నేను ఫీల్డ్ అసిస్టెంట్‌ని. అంటే శాస్త్రవేత్తలు ఆలోచిస్తారు, నేను మట్టి మోస్తాను. ఎనిమిదో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం వదిలేసుకున్నాం. అయినా జవాబు లేని ప్రశ్న నాకెప్పుడూ ఎదురుకాలేదు. తెలిస్తే చెప్పేవాణ్ణి, తెలియకపోతే ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ణి.

మా బ్యాంకులో డబ్బుండదు. పాత పంటల గింజలు ఆరబెట్టి చల్లటి గదిలో దాచుతాం. రేపు ఏ తెగులో వచ్చి బజారు రకాలన్నిటినీ ఊడ్చేస్తే, దాన్ని తట్టుకునే గుణం ఏ మూల గింజలో ఉందో ఎవరికి తెలుసు? అందుకని. ఆ ఏడాది మా మేడమ్ కుండలా గుండ్రంగా ఉండే పాత రకం ఆనపకాయ కోసం శ్రీకాకుళం పల్లెలన్నీ తిరిగి ఖాళీ సంచితో వచ్చింది. ఆవిడ బెంగాలీ మనిషి. ఊళ్ళ పేర్లు పలకలేక నాలుక వాచిపోయింది, కాయ మాత్రం కనబడలేదు.

"అంత దూరం ఎందుకెళ్ళారు మేడమ్? ఇక్కడే ఏక్‌బాల్‌పూర్‌లో మా అత్త ఇంటి రేకుల మీద కాస్తోందిగా," అన్నాను.

అప్పలనరసమ్మ నాకు చుట్టమేమీ కాదు. మా వీధిలో ఆ వయసు వాళ్ళందరూ అత్తలే. కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి రిటైరైంది. పెళ్ళై శ్రీకాకుళం నుంచి ఈ ఊరొచ్చినప్పుడు వాళ్ళమ్మ కొంగున కట్టిన గింజలే ఆ తీగ. చలికాలంలో ఆవిడుండే రేకుల క్వార్టర్స్ పడగొడతారు, ఆవిణ్ణి మూడో అంతస్తు గదిలోకి మారుస్తారు. అక్కడ రేకూ లేదు, మట్టీ లేదు. మేం తీసుకోకపోతే ఆ విత్తనానికి అదే ఆఖరి ఏడాది.

తీసుకోవడానికి ఒక పద్ధతుంది. సెల్ఫింగ్ అంటారు. ఒకే తీగ మీది మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకి అద్ది, బయటి పుప్పొడి తగలకుండా కాగితం సంచి తొడగాలి. పైగా గింజ ఏ ఊరిదో, ఎవరిచ్చారో పాస్‌పోర్ట్ అనే కాగితంలో రాయాలి. అవును, గింజకి పాస్‌పోర్ట్ ఉంది, నాకే లేదు.

ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మేడమ్‌ని వెంటబెట్టుకుని అత్త ఇంటికెళ్ళి, పొద్దు వాలుతుండగా మగ పువ్వు తుంచి, ఆడ పువ్వు మీదికి వంగాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఏటి సేస్తన్నావు?"

"పెళ్ళి సేస్తన్నానత్తా."

"ఒకే తీగ పువ్వులకా? ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్ళురా అయి! సిగ్గు లేదేటి?"

"మరి నువ్వెలగ సేస్తావు?"

పక్కింటి బెంగాలీ మినతి పెంచే పొడుగు ఆనప తీగ వైపు చెయ్యి చూపించింది. "దాని మగ పువ్వొట్టుకొచ్చి అద్దుతాను. ఏటేటా అంతే. బయటి సంబంధం."

"ఏమంటోంది?" అంది మేడమ్ బెంగాలీలో.

ఉన్నదున్నట్టు చెబితే విత్తనం వద్దంటుందేమో. అబద్ధం చెబుదామంటే మినతి గోడ మీంచి వింటోంది. చెప్పేశాను. మేడమ్ బోర్లించిన బకెట్ మీద కూలబడింది.

"అయితే ఇది శ్రీకాకుళం కాయ కాదా?"

అత్తకి ఆ మాటకి అనువాదం అక్కర్లేకపోయింది. "కాకపోతే ఆకాశంలోంచి ఊడిపడిందేటి? మాయమ్మ కాయలాటి దాన్నే ఏటేటా గింజకి ఉంచుతాను, మిగతావి కూరొండీస్తాను. అల్లుడు బెంగాలీ అయితే మనవరాలు మనది కాకుండా పోద్దేటి?"

మినతి అటునుంచి, "దాదా, పువ్వు నాదే కదా, ఆ కాగితంలో నా పేరు కూడా రాయరా?" అంది.

మేడమ్ ఒకసారి కాయని చూసింది, ఒకసారి మినతి తీగని చూసింది. "వెతికింది దొరకలేదు. దొరికింది వెతికింది కాదు. కానీ ఇది ఈ రేకుల మీద తప్ప ఇంకెక్కడా లేదు."

"అయితే దాచుదామా, వద్దా?"

"తెలీదు," అంది. బకెట్ మీంచి లేచి, "తెలీదు కాబట్టే దాచుదాం," అంది.

అంత చదువుకున్న మనిషి తెలీదన్న మాట అంత తేలిగ్గా అనడం వింతగా అనిపించింది. ఒక పువ్వుకి మా పద్ధతి, ఇంకో పువ్వుకి అత్త పద్ధతి అని ఒప్పందం కుదిరింది. నా వంతు వచ్చినప్పుడు అత్త మొహం అటు తిప్పుకుంది. "నాను సూడను. పాపం నీదే."

రెండు కాయలూ తీగ మీదే ఎండి గలగలలాడాయి. తర్వాత రేకులు దిగాయి, గింజలు చల్లటి గదికెక్కాయి. పాస్‌పోర్ట్‌లో ఊరి పేరు ఏక్‌బాల్‌పూర్ అనీ, ఇచ్చినవారు ఇద్దరనీ రాసింది మేడమ్.

మరుసటి ఏడాది కొన్ని గింజలు మా పొలంలో వేశాం. రెండు రకాల్లోనూ గుండ్రటివీ వచ్చాయి, పొడుగువీ వచ్చాయి. ఏది ఎవరి పోలికో తేల్చలేక నా తల తిరిగింది. ఒక లేత కాయ పట్టుకుని అత్త కొత్త గదికి వెళ్ళాను.

"ఇది మాయమ్మ కాయేనా, మినతిదేటి?" అంది తిప్పి తిప్పి చూస్తూ.

నాలుక చివర జోకులు చాలానే ఉన్నాయి. "తెల్దత్తా," అన్నాను.

"బడి మానీసినోడివి, నీకెలగ తెలుస్తాది? కూకో, తిని నానే సెప్తాను."

కాయ తరిగి వండి, అన్నం పెట్టింది, కూర వేసింది. తను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఇదేరా! అచ్చం మాయమ్మ కూరే!"

పోపులో ఆవాలు లేవు, మినప్పప్పు లేదు. మినతి ఇంట్లో వేసే కాలోజీరే, ఆ నల్లటి గింజలు, ముక్కలకి అంటుకుని ఉన్నాయి.

చెబుదామనుకున్నాను. కానీ ఆ మొహం చూశాక, ఇంకో ముద్ద కలుపుకుని, "మారు వడ్డించత్తా," అన్నాను.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదొక్కటే. దాచాల్సింది ఏదో తేల్చుకున్నాకే దాచుదామని కూర్చుంటే, ఈలోపు ఇల్లు పడగొట్టేస్తారు.