తొవ్వ అడిగే కనకరాజు

ముందు కీచురాయి అరుస్తుంది. ఆదివారం పొద్దున, ఉప్పల్ మెట్రో స్తంభాల కింద ఇంకా బూడిదరంగు వెలుగే ఉన్నప్పుడు, నాచారం వైపు నుంచి కిర్ర్ర్‌మని సన్నటి చప్పుడొకటి దగ్గరవుతుంది. అది పురుగు కాదు, కనకరాజు మామ సైకిలు వెనక చక్రం. కాళ్లు ఆడించడం ఆపినప్పుడల్లా అలా పాడుతుంది. దగ్గరదాకా వచ్చిన ఆ పాట ఉన్నట్టుండి ఆగిపోయిందంటే మాకు అర్థమైపోతుంది. మామ ఎవరినో దారి అడుగుతున్నాడు.

ఆయనకున్న జబ్బు అదొక్కటే. కనిపించిన ప్రతి మనిషినీ దారి అడుగుతాడు. తెలియని చోట అడిగితే వింతేముంది? నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసి, అది మూతపడ్డాక కూడా అదే గల్లీలో ఉంటున్న మనిషి, తన వాకిలి ముందు రోడ్డు ఊడ్చే ఆమెను "అక్కా, ఉప్పల్‌కు తొవ్వ ఎటు?" అని అడుగుతాడు. ఆమె చీపురుతో చూపిస్తుంది. మామ దండం పెట్టి చీపురు చూపిన వైపే వస్తాడు.

అడగడంతో ఆగినా బాగుండేది. ఎవరు ఏ దారి చెబితే ఆ దారినే పోతాడు. తప్పు చెప్పినా సరే.

మామా, నేనూ, పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే హిమజా. మేం ముగ్గురం. తారు రోడ్డు వదిలి మొరం బాటలు వెతుక్కుంటూ పోవడం మా ఆదివారపు పిచ్చి. మా సైకిళ్లకు లావు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిళ్లు. చెంగిచెర్ల దాటి, అన్నోజిగూడ దగ్గర హైవే దాటి, కీసర గుట్ట కనిపించేదాకా సర్కారు తుమ్మల మధ్య ఎర్రటి బాటలు. పక్కన నీళ్లు మరిచిపోయిన వాగులు, ఎవరో పెట్టి మరిచినట్టుండే రాతిగుండ్లు, బురుజులు సగం కూలిన పాత ఊళ్లు. పోయిన వారం బాట ఉన్నచోట ఈ వారం గేటు ఉంటుంది. ప్లాట్ల హద్దురాళ్లు గడ్డిలో తెల్లగా, పసిపిల్లల సమాధుల్లా వరసగా నిలబడి ఉంటాయి. వాటి పక్కనుంచి పోయేటప్పుడు ముగ్గురం వేగం పెంచుతాం.

మామ మాత్రం మనిషి కనిపించగానే బ్రేకు వేస్తాడు.

"అంకుల్, నా ఫోన్లో మ్యాప్ ఉంది," అంటుంది హిమజ.

"ఉండనియ్ బిడ్డా. దాన్ని నువ్వు అడుగు. నేను ఈ అన్నను అడుగుత."

ఆ అన్న బర్లు కాస్తున్నాడు. ఎడమకు పొమ్మన్నాడు. మ్యాప్ కుడికి పొమ్మంది. ఎడమకు పోయాం. బాట పాత క్వారీ గుంత అంచున ఆగిపోయింది. కింద నల్లటి నీళ్లు, వాటిలో మబ్బు.

"ఇటు తొవ్వ లేదు అంకుల్!"

"తొవ్వ లేకుంటే ఏంది? నీళ్లు సూడు, ఎంత సల్లగున్నయో."

"సరే, చూసినం. వచ్చిన దారినే వెనక్కి పోదాం."

"వచ్చిన తొవ్వల మల్ల పోవుడు నాకు నచ్చది," అని మామ సైకిల్ని భుజానికెత్తుకుని ముళ్లల్లోకి నడిచాడు. బర్లు కాసే అన్న కంట పడకుండా, గుట్టంతా చుట్టి రోడ్డెక్కాం. హిమజ మోచేతుల నిండా గీతలు. "ఈయనతోని మల్లొస్తే నా పేరు మార్చుకుంట," అంది. మరుసటి ఆదివారం అందరికంటే ముందు వచ్చింది, పాత పేరుతోనే.

మామకు నిజంగానే దారులు గుర్తుండవనుకునేవాళ్లం. వానాకాలం మొదట్లో ఒక పొద్దున ఆ భ్రమ పోయింది. కీసర అవతల ఆకాశం ఒక్కసారిగా కూలింది. హిమజ ఫోన్ తడిసి చచ్చిపోయింది. మైళ్ల మేర మనిషి లేడు, బర్రె లేదు. మామ సైకిలెక్కి మా ముందు సాగాడు. చీలిక దగ్గర ఆగలేదు, తల తిప్పలేదు, ఒక్క మలుపు తప్పలేదు. నీటి తెరల్లోంచి నేరుగా చెంగిచెర్లలో తేల్చాడు.

"అంకుల్! అన్ని దారులు తెలుసా మీకు?"

మామ దొంగతనం బయటపడ్డవాడిలా చొక్కా పిండుకున్నాడు. "ఏం జెయ్యాలె బిడ్డా, అడగనీకి ఎవ్వలు లేకపాయె."

అన్ని దారుల్లోకీ తిక్క దారి కౌసల్యమ్మ చెప్పేది. కీసరకు ఇవతల ఒక ఊరి కూలిన బురుజు కింద ఆమె మక్కజొన్న కంకులు కాలుస్తుంది. మామ ప్రతి ఆదివారం అడుగుతాడు. ఆమె ప్రతి ఆదివారం విసనకర్ర చాపి ఒకే మాట చెబుతుంది. "గిట్ల మా చెల్క మీదికెల్లి పోండ్రి. దగ్గర." ఆ చెలక, వాళ్ల మెట్టచేను, ఎప్పుడో అమ్ముడైపోయింది. ఇప్పుడది ప్లాట్ల వెంచరు. బాటకు అడ్డంగా ఛాతీ ఎత్తు గోడ. మేం పోయి, గోడ మీంచి మూడు సైకిళ్లూ అవతలికి దింపి, మేమూ దూకుతాం. కాపలా ఉండే బాలనర్సింహ మొదటి వారం కర్ర తెచ్చాడు. రెండో వారం తిట్టాడు. మూడో వారం నుంచి సైకిళ్లు దింపడానికి చక్రం పట్టుకుంటున్నాడు.

మామ ఆయన్నీ వదల్లేదు. "బయటికి తొవ్వ ఎటన్నా?"

"అగో గేటు. కనిపిస్తలేదా?"

"కనిపిస్తున్నది. నువ్వు చెప్తే మంచిగుంటది."

శ్రావణంలో గోడకు పాచి పట్టింది. మామ జారి అవతలికి పడ్డాడు. కాలు విరిగింది. ఆటోలో నొప్పికి పళ్లు బిగించి కూడా, "దవాఖానకు తొవ్వ ఎరికేనా అన్నా?" అని అడిగాడు. ఆటో అతను ఉప్పల్ వచ్చేదాకా తను ఎప్పుడు ఎవరిని ఏ దవాఖానకు చేర్చాడో చెబుతూనే ఉన్నాడు. మామ మూలుగుతూ ఊ కొట్టాడు.

ఇక సైకిలు మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. మామ దాని గురించి ఒక్క మాటా అడగలేదు. శనివారం నా చెయ్యి పట్టుకుని అన్నాడు:

"అల్లుడా, రేపు ఆదివారం. కౌసల్యమ్మను తొవ్వ అడగాలె."

"మామా, నీ కాలు చూడు ముందు."

"నా కాలుకేమాయె, ఈడనే ఉంటది. ఆమె చెల్క ఆ గోడ లోపట పడ్డది. తొవ్వ ఇంక నడుస్తున్నదని అనుకుంటున్నది పాపం. ఎవ్వలు పోకపోతే బందయిందని ఆమెకు తెలుస్తది. జర పోండ్రి. ఎనుకకు మాత్రం రాకుండ్రి, సూస్తది."

అప్పుడు అర్థమైంది నాకు, వచ్చిన దారిన వెనక్కి పోవడం ఆయనకెందుకు నచ్చదో. క్వారీ గుంతా, ముళ్లూ, హిమజ మోచేతులూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఆదివారం సన్నగా తుంపర. కీచురాయి లేని ప్రయాణం. బురుజు కింద పొగ, పొగ వెనక కౌసల్యమ్మ. నేను నోరు తెరిచేలోపే, "పెద్దమనిషేడి?" అంది.

చెప్పాం. ఆమె చేతిలో విసనకర్ర ఆగిపోయింది. హిమజ ఉండబట్టలేకపోయింది. "అమ్మా, ఆడ గోడ ఉంది. నీకు తెల్వదు కావచ్చు."

"నాకు తెల్వకపోవుడేంది బిడ్డా? ఆ గోడకు ఇటికెలు మోసింది నేనే గద."

హిమజ ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"మరి అటే పొమ్మని ఎందుకు చెప్తున్నవ్?"

"మొదటిసారి పాత అలవాటుల నోట్లకెల్లి వచ్చింది. ఆయన దండం పెట్టి పోయిండు, మల్ల ఎనుకకు రాలే. ఇంకో ఆదివారం వచ్చి మల్ల గదే అడిగిండు. పెద్దమనిషికి తలకాయల జర తిక్కున్నట్టుంది, గోడ దునుకుడు సంబురమేమో అనుకున్న. సంబురం ఎందుకు ఖరాబ్ జెయ్యాలె?" కొంగుతో కళ్లు తుడుచుకుంది. పొగ వల్ల కావచ్చు. "అరిగోస, తిప్పలు పెట్టిన్నా ఆయన్ని?"

హిమజకు నవ్వాగలేదు. కాసేపటికి కౌసల్యమ్మా నవ్వింది. నవ్వుతూనే రెండు కంకులు కాల్చి కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "ఆయనకియ్యి. నేను ఇట్లన్ననని మాత్రం చెప్పకు."

సైకిళ్లెక్కాం. మంచి రోడ్డు కుడివైపు, కళ్లెదురుగానే ఉంది. ఆమె మావైపే చూస్తోంది. ఇద్దరం ఏమీ అనుకోకుండానే గోడ వైపు తిప్పాం.

సాయంత్రం దవాఖానలో మామ కంకి వాసన చూశాడు, తినలేదు. కిటికీ అద్దం మీద వాన జారుతోంది.

"ఏ తొవ్వ చెప్పింది?"

"అదే తొవ్వ మామా."

"దాటిన్రా?"

"దాటినం. బాలనర్సింహ చక్రం పట్టిండు. గేటు ఎటని అడిగినం కూడా."

మామ కళ్లు మూసుకున్నాడు. మొహం మీంచి ఏదో బరువు దిగిపోయినట్టుంది. నిద్రపోయాడనుకుని మెల్లగా లేచాను. సగం దూరం పోయాక వెనక నుంచి పిలిచాడు.

"అల్లుడా, బయటికి తొవ్వ ఆ మూలకున్న మంచం తాతను అడిగి పో. పొద్దుగాల సంది ఆయన్ని ఎవ్వలు ఏం అడగలే."