గెథిన్ ప్రోసర్ విప్పని యాస

గెథిన్ ప్రోసర్‌కి ఉన్న జబ్బు ఒక్కటే. షూటింగ్ మొదటిరోజు పొద్దున అమెరికన్ యాస తగిలించుకున్నాడంటే చివరిరోజు ప్యాకప్ చెప్పేదాకా విప్పడు. వేషానికి పెట్టిన పోలీసు షెరీఫ్ టోపీ తీస్తాడు, పెట్టుడు మీసం పీకుతాడు, బూట్లు విప్పి కాళ్లు బల్లమీద పెడతాడు. యాస మాత్రం కదలదు. పుట్టి పెరిగింది బ్రిటన్‌లో, వేల్స్ కొండల్లో. మాట వింటే అమెరికాలోని ఒహాయో మొక్కజొన్న చేలలో పెరిగాడనుకోవాలి.

దీనివల్ల ఎవరికీ బాధ లేదు, బెర్నీస్ టాల్‌బట్‌కి తప్ప. జార్జియా రాష్ట్రంలో తీసే సీరియళ్లకి పైదేశాల నటులు వస్తే, వాళ్లని అచ్చం అమెరికన్లలా మాట్లాడించడం ఆవిడ ఉద్యోగం. సెట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని, ఎవరి నాలుక ఎక్కడ జారినా పట్టేస్తుంది. అందుకే భోజనం వేళకి ఆ చెవులు విశ్రాంతి కోరుకుంటాయి. ఆ గంటసేపూ ఆస్ట్రేలియా వాళ్లూ ఐర్లాండు వాళ్లూ ఒక బల్లదగ్గర చేరి, బిగుతు చొక్కా గుండీలు విప్పినట్టు, ఎవరి యాస వాళ్లు మాట్లాడుకుంటారు. గెథిన్ మాత్రం పళ్లెం పట్టుకుని సరిగ్గా బెర్నీస్ ఎదుట కూర్చుంటాడు.

"మేడమ్, ఇందాక వాటర్ అన్నాను. మధ్యలో ‘ట’ కాస్త గట్టిపడిందంటారా?"

"పడలేదు."

"ఇంకోసారి అంటాను, వినండి."

"వద్దు. నోరు మూసుకుని చికెన్ తిను."

"మా ఒహాయోలో చికెన్ ఇలా వేయించరు మేడమ్."

"ఒహాయో నువ్వెప్పుడు చూశావయ్యా?"

"హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు విరగ్గొట్టుకుంది అక్కడే కదా" అని కుడికాలు నిమురుకునేవాడు. అంతకు ముందువారం ఎడమకాలు నిమురుకున్నాడు.

ఆదివారాలు వాళ్లమ్మకి ఫోన్ చేసేదీ అదే యాసలో. మొదటిసారి ఆవిడ "మాకు ఏ ఇన్సూరెన్సూ వద్దు నాయనా" అని పెట్టేసింది. తర్వాతి వారం "మా అబ్బాయీ అమెరికాలోనే ఉన్నాడు, ఎక్కడైనా కనిపిస్తే ఇంటికి ఫోన్ చెయ్యమను" అంది. పోనుపోను ఆ మర్యాదస్తుడితో తన కీళ్లనొప్పులూ పక్కింటావిడ ఆగడాలూ చెప్పుకోవడం మొదలుపెట్టింది.

ఓ రోజు లైటు స్టాండు కాలిమీద పడి గెథిన్ బొటనవేలు వంకాయలా ఉబ్బింది. అప్పుడు తిట్టిన తిట్లు కూడా ఒహాయోవే. "కనీసం ఏడుపన్నా మీ ఊరిది ఏడవకూడదూ?" అంది బెర్నీస్, ఐసు పెడుతూ.

ఇవన్నీ ఎలాగో భరించింది. ఎయిల్సా విషయంలోనే ఆవిడకి ఒళ్లు మండింది. ఎయిల్సా స్కాట్లండ్‌లోని గ్లాస్గో పిల్ల. షెరీఫ్ కూతురిగా ఆమెకిది మొదటి పెద్ద వేషం. మామూలు సీన్లలో బాగానే మాట్లాడుతుంది, కోపం సీను వచ్చేసరికి మాత్రం గ్లాస్గో తన్నుకొస్తుంది. ప్రొడ్యూసర్ వెండెల్ విసిగిపోయి, శుక్రవారం స్వయంగా వచ్చి చూస్తాననీ, మళ్లీ జారితే వేషం ఇంకొకరికి ఇస్తాననీ కబురుపెట్టాడు. అంత గండంలో ఉన్న పిల్లని గెథిన్ భోజనం దగ్గర కూడా వదలడు. తనవాళ్ల బల్లకి పోనివ్వకుండా పక్కన కూర్చోబెట్టుకుని, లేని కుక్క గురించీ కొనని ట్రక్కు గురించీ అమెరికన్‌లోనే వాయిస్తాడు. పాపం ఆ పిల్లా అమెరికన్‌లోనే ఊకొడుతుంది.

"దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు. నీ పిచ్చి నువ్వు పడు, దానికెందుకు అంటిస్తావు?" అని బెర్నీస్ కసిరింది.

"మా అమ్మాయితో నేను మాట్లాడుకోకూడదా మేడమ్?"

"అది నీ కూతురు తెరమీద!"

"మరి మధ్యాహ్నం మళ్లీ తెరమీదికే వెళ్లాలి కదండీ" అన్నాడు, బంగాళాదుంపలు నములుతూ.

శుక్రవారం వచ్చింది. తల్లి చనిపోయిన సంగతి దాచిన తండ్రిని కూతురు నిలదీసే సీను. అంతా ఒకటే షాటు. వెండెల్ కూడా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతులు కట్టుకుని బెర్నీస్ పక్కనే నించున్నాడు. ఎయిల్సా అందుకుంది. గొంతు లేచింది, కళ్లు ఎర్రబడ్డాయి, ఒక్క మాటా తప్పు పలకలేదు. చిట్టచివరి మాట దగ్గర మాత్రం గ్లాస్గో జారిపడింది. బెర్నీస్ హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకుంది.

విన్నది నిజమేనా అని వెండెల్ తల ఇటు తిప్పేలోపే, తలొంచుకుని నిలబడాల్సిన షెరీఫ్ గట్టిగా గొంతెత్తాడు. అచ్చమైన వేల్స్ యాసలో, అవతలి కొండమీది గొర్రెల్ని పిలిచినట్టు, తన డైలాగంతా చెప్పేశాడు. సెట్టంతా బిత్తరపోయి, ఆనక విరగబడి నవ్వింది.

"ఇన్నేళ్లుగా షెరీఫ్ వేషాలు వేస్తున్నావు, ఇదేం యాసయ్యా?" అన్నాడు వెండెల్.

"నోరు జారింది సార్."

"ఆ అమ్మాయిని చూసి నేర్చుకో."

ముందు జారిందెవరో విన్న సౌండ్ రికార్డిస్టు బెర్నీస్ వైపు చూశాడు. ఆవిడ ఆకాశం వైపు చూసింది. నవ్వీ నవ్వీ భయం వదిలిపోయిన ఎయిల్సా రెండో టేకు మచ్చలేకుండా చెప్పింది. వెండెల్ ఆమె భుజం తట్టి, గెథిన్ వైపు ఓ చూపు విసిరి కారెక్కాడు.

బెర్నీస్ ఎయిల్సాని క్యారవాన్ దగ్గర పట్టుకుంది. "ముందు జారింది నువ్వే కదూ?"

"అవునండీ. జారితే బెంగపడకు, నీ వెనకే నేనూ పడతానని ఆయన పొద్దున్నే చెప్పారు."

"మరి భోజనం దగ్గర ఆ నస?"

"నేనే అడిగానండీ. మావాళ్లతో మాట్లాడి వచ్చానంటే సాయంత్రందాకా అమెరికన్ నోటికి రాదు. ఒక్కదాన్నే అలా మాట్లాడితే అందరూ వెక్కిరిస్తారని సిగ్గు. ‘వెక్కిరించుకోడానికి నేనున్నాగా’ అన్నారు."

బెర్నీస్‌కి పాత షూటింగులన్నీ గుర్తొచ్చాయి. ప్రతిసారీ గెథిన్ పక్కన ఎవరో ఒకరు కొత్తవాళ్లు బిక్కుబిక్కుమంటూ పళ్లెం పట్టుకుని కూర్చునే ఉన్నారు. ఈ మాట ముందే చెప్పి చావొచ్చు కదా అని ఆవిడకి మళ్లీ మండింది. అయినా మర్నాడు భోజనం దగ్గర తన వంతు కేకు ముక్క అతని పళ్లెంలో పడేసింది.

చివరిరోజు ప్యాకప్ చెప్పాక, బెర్నీస్, ఎయిల్సా చూస్తుండగానే, గెథిన్ సొంతగొంతుతో వాళ్లమ్మకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"అమ్మా, నేనే."

"బతికే ఉన్నావా?" అంది ముసలావిడ. "సరేగానీ, ఆ అమెరికా అబ్బాయి ఏడి? వారం వారం నా మోకాళ్ల సంగతి అడిగేవాడు. నువ్వెప్పుడైనా అడిగావురా?"

గెథిన్ వాళ్లిద్దరి వైపూ దీనంగా చూశాడు. పెట్టెలో సర్దేసిన టోపీ మళ్లీ తీసి తలకి పెట్టుకున్నాడు.

"మేడమ్, మోకాళ్లు ఎలా ఉన్నాయండీ?" అన్నాడు ఒహాయోలో.

బెర్నీస్ అలవాటుకొద్దీ చెవి ఒగ్గి వింది. ఎక్కడా జారలేదు.