ఇస్నాపూర్‌లో నా పరగడుపు

పటాన్‌చెరు డాక్టరు గొంతులోంచి గొట్టం వేసి చూసి, కడుపులో పుండు ఉందన్నాడు. కారం మానాలి, పొద్దున పరగడుపున ఒక క్యాప్సూల్ మింగి అరగంట ఆగి తినాలి, అశ్రద్ధ చేస్తే పుండు చిట్లి రక్తం పోతుంది అని చెప్పాడు. నాకంటే మా ఆవిడే ఆ మాటను గట్టిగా విన్నది.

ఆమెది కొండాపూర్ వైపు రైతు కుటుంబం. పచ్చిమిరపకాయ కొరకనిదే ముద్ద దిగేది కాదు. అలాంటిది ఇంట్లో ఇక పెసరపప్పు, సొరకాయ, మజ్జిగ. వేరే కూర వండితే నా కళ్ళు ఆ గిన్నె మీదకే పోతాయని తనూ అదే తిన్నది.

నేను మాత్రం రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే ఇస్నాపూర్ చౌరస్తాలో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగేవాణ్ణి. నాలుగు బజ్జీలు తిని అక్కడే క్యాప్సూల్ మింగేవాణ్ణి. మా ఫ్యాక్టరీలో దాన్ని అందరూ గ్యాస్ గోలి అనేవారు. అంటే తిన్నదాన్ని సర్దే గోలి. తినకుండా మింగితే అది పాపం ఏం సర్దుతుంది? పైగా రాత్రంతా మేలుకున్నవాడికి పరగడుపు ఎప్పుడు మొదలవుతుందో ఏ డాక్టరు చెప్పగలడు? ఇంట్లో మాత్రం, గోలి ఫ్యాక్టరీ గేటు దగ్గరే వేసుకున్నాను, నడిచి వచ్చేసరికి అరగంట అయిందని చెప్పి, సొరకాయ ముందు దిగులుగా కూర్చునేవాణ్ణి. ఆమె జాలిపడి ఇంకో గరిటె వేసేది.

నొప్పి తగ్గలేదు. ఆమె భయపడి, పప్పులో వేసే కాస్త మిరియాల పొడి కూడా మానేసింది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి బయలుదేరిన రోజు, ఆటో కోసం చౌరస్తాలోనే నిలబడాల్సి వచ్చింది. కాస్త ముందుకు నడుద్దామని నేనెంత చెప్పినా ఆమె వినలేదు. బజ్జీల బండి ఆమె మమ్మల్ని చూసి ఎంతో ఆప్యాయంగా పలకరించింది.

"అక్కా, అన్నకు కడుపునొప్పి జెర నయమైందా? కారం తక్కువున్న మిర్చీలే ఏరి పెడ్తున్న. గోలి ఏస్కోనీకి నీళ్ళు గూడ నేనే ఇస్తున్న."

పరగడుపునే వేసుకుంటున్నావా అని డాక్టరు అడిగితే, నేను నోరు తెరవకముందే మా ఆవిడ జవాబిచ్చింది.

"ఏస్కుంటున్నడు సారూ. కాకుంటే మా ఆయన పరగడుపు నాలుగు బజ్జీలైనంక మొదలైతది."

డాక్టరు నవ్వి, మందు మళ్ళీ మొదటినుంచి వాడాలన్నాడు.

తెల్లారి డ్యూటీ దిగి నేరుగా ఇంటికి వెళ్ళాను. గ్లాసు నీళ్ళు, క్యాప్సూల్ గడప దగ్గరే ఉన్నాయి. మింగి కూర్చున్నాను. ఆమె నా ఎదురుగా కంచం పెట్టుకుంది. వేడన్నం, పచ్చిమిరపకాయల తొక్కు. అలవాటు తప్పిన నోరు కదా, రెండో ముద్దకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంది గట్ల సూస్తున్నవ్? నీ పత్తెం నువ్వు చెయ్యి. నాది అయిపోయింది."

ఆ కన్నీళ్ళలో తొక్కు వంతు ఎంతో, నా వంతు ఎంతో అడిగే ధైర్యం లేక గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. అరగంటయ్యాక సొరకాయ కూర అడిగి మరీ రెండుసార్లు వేయించుకున్నాను.