చెయ్యి వెయ్యొద్దన్న మాట

మొన్న పొద్దున్న నేను పళ్ళు తోముకుంటుంటే పక్క క్వార్టరు కోడలు గోడ మీంచి, "బాబాయిగారూ, మా అత్తమ్మ లేవట్లేదండీ" అంది. నోట్లో నురగతోనే పరిగెత్తాను. మామ్మగారు నిద్రలోనే వెళ్ళిపోయారు. వరసకు నాకు అక్కలాంటిదే గానీ, కాలనీ అంతా పిలిచినట్టే నేనూ మామ్మగారనేవాణ్ణి.

మా రాయపూర్ రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్ళ పిల్లలందరికీ ఆవిడే నీళ్ళు పోశారు. చాపిన కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి, ముక్కు నొక్కి తీర్చేవారు. మావాడి ముక్కు ఇంకాస్త తీర్చమని మా ఆవిడ అడిగితే, "నానేటి సేతునమ్మా! మీ ఆయన ముక్కు సూడు" అన్నారు. ఆ ముక్కు కథ మా తాతగారి దగ్గర మొదలవుతుంది గనక ఇక్కడ వదిలేస్తాను.

ఆ చేతుల్లోకి సొంత మనవడు వచ్చాడు. ఎప్పటిలాగే నీళ్ళు పోస్తూ కాలు సాగదీశారు. పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత వాడి ఏడుపు.

పుట్టుకతోనే ఎముకలు పెళుసన్నాడు డాక్టరు. మీరు కాకపోతే పొత్తిగుడ్డ మార్చేటప్పుడైనా విరిగేదేనన్నాడు. పిండికట్టు వేసి, "హాథ్ మత్ లగానా, మాజీ" అన్నాడు. చెయ్యి వెయ్యొద్దమ్మా అని. కట్టు విప్పేదాకా అని ఆయన ఉద్దేశం. మామ్మగారు దాన్ని జన్మకంతటికీ తీసుకున్నారు.

హిందీ రాక కాదు. పండరీ బట్టల బజారులో ఆవిడ బేరం మొదలెడితే సేఠ్ మంచినీళ్ళు తెప్పించుకునేవాడు. మనవడి దిండుకు మెత్తటి గుడ్డ అక్కడే ఏరి తెచ్చి, తనే కుట్టారు. వాణ్ణి ఆ దిండుతో సహా ఎత్తాలి. ఎత్తడం మాత్రం కోడలి పని. అన్నం కలిపినా చెంచాతోనే పెట్టేవారు.

"మామ్మా, ఎత్తుకో" అని వాడు చేతులు చాపితే, "నా సేతులు మంచివి కావు నాన్నా. ఉండు, మీ అమ్మని పిలుత్తాను" అనేవారు.

ఎముకలు విరుగుతూ, అతుకుతూ, మళ్ళీ విరుగుతూనే వాడు పెరిగాడు. "మొన్న తుమ్మితే విరిగింది మామ్మా! అది కూడా నీ పనేనా?" అని వెక్కిరించేవాడు. ఆవిడ నవ్వేవారు కాదు. డాక్టరు అన్న మాటకు అర్థం అది కాదని నేనోసారి విడమరచబోయాను.

"నాకు హిందీ నేర్పకు తమ్ముడూ" అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు నేను.

మొన్న ఆవిణ్ణి చాప మీదకు దించాక, నూనూగు మీసాలొచ్చిన ఆ మనవడు, "నన్ను మామ్మ పక్కన పెట్టండి" అన్నాడు. వాడి నాన్నా నేనూ జాగ్రత్తగా దింపాం. వాడు ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని తనవైపు లాక్కున్నాడు.

"నెమ్మదిరా, బరువు పడుతుంది" అంది తల్లి.

వాడు వినలేదు. ఆ చెయ్యి తెచ్చి, వంకరపోయిన తన కాలి మీద వేసుకున్నాడు.

"చూడు మామ్మా, ఏం కాలేదు" అన్నాడు.

పాడె సిద్ధమైందని బయటినుంచి పిలిచారు. బిగుసుకుపోయిన ఆ వేళ్ళు వాడి కాలి చుట్టూ కాస్త వంగి ఉన్నాయి, పట్టుకున్నట్టే.