బోణీ బేరపు సీడీలు

నందిగామలో సగం ధరకు సీడీలు కొట్టుకొచ్చిన మొనగాణ్ణి నేను. కిటుకు చిన్నదే. షట్టరు లేపేసరికి వెళ్లి ఎదురుగా నిలబడాలి. బోణీ బేరం వదులుకోవడానికి ఏ కొట్టువాడికీ మనసొప్పదు. జగ్గయ్యపేటలో కిరాణా కొట్లోనే పుట్టి పెరిగినవాణ్ణి, ఆ బలహీనత నాకు తెలియదా!

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. దిష్టి గుమ్మడికాయలు అమ్మాను, అంతే.

అప్పటికి నా భార్య సుశీల పోయి ఏడాది దాటింది. కొట్టు కట్టేసి ఇంటికొస్తే పలకరించే మనిషి లేదు. మా కొత్త కొట్టు తెరిచిన రోజు తీయించిన వీడియోలో తప్ప ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. అందులోనూ అంతా మైకు పాటలే. ఒక్కచోట మాత్రం మొదటి గిరాకీని చూసి, "రండి అన్నయ్యా, మీదే బోణీ" అంటుంది.

ఆ వీడియో నందిగామలో, దాన్ని తీసిన రఫీ స్టూడియోలో, ఆపిల్ కంప్యూటర్లో ఉంది. రఫీ ఆ స్టూడియో ఎత్తేస్తూ కంప్యూటరును కూడా అమ్మేస్తున్నాడు.

"బాబాయ్, దీని డిస్కు మీ విండోస్‌లో తెరుచుకోదు. ఫైలేమో ఒక్క సీడీలో పట్టదు. ముక్కలు చేసి రాసిస్తా, ఇంట్లో వరసగా అతికించుకోండి. సీడీలు మాత్రం మంచివి తెండి. మీ బేరాలు నాకు తెలుసు!" అన్నాడు.

తెచ్చినవి ఎలాంటివో చెప్పాను కదా.

ఇంట్లో ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే ఒక సీడీ చదవలేదు. ఎంత తుడిచినా అంతే. మిగిలినవి చూస్తే, పోయింది సరిగ్గా ఆమె మాటున్న ముక్కేనని తేలింది. రఫీకి ఫోన్ చేశాను. కంప్యూటరు అప్పటికే చెరిపి పంపేశాడు.

ఉన్న ముక్కలే అతికించి ఆడించాను. ఆ చోట బొమ్మ గెంతాలి. గెంతలేదు.

పాట ఆగింది. కొట్లో ఎవరూ లేరు. గల్లాపెట్టె దగ్గర సుశీల ఒక్కతే ఉంది. నా వంకే చూసి, "ఏవండీ, బోణీ వేళ పాపం ఆ సీడీల కొట్టతని దగ్గర కూడా బేరమేనా?" అంది. ఆ తరువాత మళ్లీ జనం, మళ్లీ పాట.

రఫీని పిలిపించి చూపించాను.

"ఆ రోజు మీ కొట్టు ఖాళీగా ఎప్పుడుంది బాబాయ్? ఇది నేను తియ్యలేదు," అన్నాడు. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఫైలు సైజు చూస్తే ఒక ముక్క తక్కువే ఉంది. మరి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నిజాయితీగా లెక్క కడితే, ఆ బేరంలో మిగిలింది బస్సు చార్జీ. పోయింది "రండి అన్నయ్యా" అన్న పిలుపు. అది మా కొట్టుకు వచ్చే అందరినీ పిలిచే పిలుపే. వచ్చిన దెప్పు మాత్రం నా ఒక్కడికే.